కారణం రాయని రసీదు

కొడవలూరులో మా తాత ఇంటి అటక మీద ఒక రేకుపెట్టె ఉండేది. అందులో పొలం దస్తావేజులు, సొసైటీ పాసుబుక్కు, శిస్తు రసీదులు, వాటన్నిటి అడుగున పురికొసతో కట్టిన ఒక చిన్న కట్ట. విప్పితే అన్నీ పోలీసు స్టేషను రసీదులే. 1983, 1985, 1989, 1991, 1994, 1996, 1998, 1999, 2004, 2009. 2012వి రెండున్నాయి: మార్చిలో కోవూరు అసెంబ్లీ ఉపఎన్నికకు ఒకటి, జూన్‌లో నెల్లూరు పార్లమెంటు ఉపఎన్నికకు ఇంకొకటి. సంవత్సరాలు వరసగా చదువుకుంటూ పోతే అది మన రాష్ట్రపు ఎన్నికల చరిత్ర. ప్రభుత్వాలు మారాయి, ఎస్సైలు మారారు, రసీదులో మాటలు మాత్రం మారలేదు. సింగిల్ బ్యారెల్ తుపాకి ఒకటి, తూటాలు ఇన్ని, ఫలానా తేదీన డిపాజిట్ చేసుకున్నాం. కింద సంతకం, ముద్ర. ఎందుకు చేసుకున్నారో ఒక్క రసీదులోనూ లేదు.

తాతకు తుపాకి లైసెన్సు పంట కాపలా కోసం వచ్చింది. మా ఊరు నెల్లూరుకి ఉత్తరాన, చెన్నై-కోల్‌కతా హైవే మీద ఉంటుంది. చుట్టూ పెన్న నీళ్ళు పారే వరి మాగాణి, తూర్పున సముద్రం దాకా రొయ్యల గుంటలు, పడమర మెట్ట. తాతకు మెట్టలో కొంత చేను ఉండేది. పందులు పడి తొక్కేసిన చేనును ఒక్కసారి చూసినవాడెవడూ ఆ లైసెన్సు ఎందుకని అడగడు. ఆ తుపాకి పేలింది మాత్రం నా ఎరుకలో ఏడాదికి రెండు మూడు సార్లు, అదీ గాల్లోకే.

ఎన్నికల ప్రకటన వచ్చిన రెండు మూడు రోజులకి, సాయంత్రం పూట, ఒక కానిస్టేబుల్ వచ్చేవాడు. ఒకసారి నేనక్కడే ఉన్నాను.

“పెద్దాయనా, కోడ్ వచ్చింది. రేపు తెచ్చి ఇచ్చేయండి.”

“నా మీద ఏమన్నా కేసుందా అబ్బయ్యా?”

“కేసుంటే ఇట్టా మర్యాదగా చెప్తానా? అందరికీ అంతే.”

తాత మారు మాట్లాడలేదు. అతను వెళ్ళాక మాత్రం అవ్వతో అన్నాడు: “ఓటుకి నమ్మకస్థుణ్ణేనంట, తుపాకికి కాదంట.”

నాకు తుపాకులంటే ఇష్టం లేదు. ఇంట్లో తుపాకి ఉండటం మంచిదని ఎవరికీ చెప్పను కూడా. అయినా ‘అందరికీ అంతే’ అన్న ఆ రెండు మాటలు చాన్నాళ్ళు నన్ను వదల్లేదు. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతుక్కుంటూ పోతే దొరికిన చరిత్ర ఇది.

*

నెల్లూరు సీమలో ఆయుధాలు తగ్గించే పని మొదట తుపాకి చట్టంతో జరగలేదు, లెక్కల పుస్తకంతో జరిగింది. వెంకటగిరి, కాళహస్తి లాంటి పడమటి పాళేలు సొంత బంట్లను పోషిస్తూ, అవసరమైనప్పుడు పైవాళ్ళకి సైన్యం పంపుతూ బతికిన సంస్థానాలు. 1802లో కంపెనీ వాళ్ళతో శాశ్వత ఒప్పందం చేసుకుని సనదులిచ్చింది. సైన్యం పంపే బాధ్యత తీసేసి, దానికి బదులు పేష్కష్ పెంచింది. బంట్లను మేపే అవసరం లేకపోయాక ఆయుధాలు వాటంతటవే తగ్గాయి. ఇది ఎవరి మీద, ఎందుకు అన్నది అందులో స్పష్టంగా ఉంది. పాళెగాడి సైన్యం కంపెనీకి ప్రమాదం, అందుకని పాళెగాడితోనే బేరం. చేలకు కాపలా కాసే తలారి చేతిలోని తుపాకి జోలికి అప్పట్లో ఎవరూ పోలేదు.

కథ మారింది 1857తో. ఉత్తరాన సిపాయిల తిరుగుబాటు మండుతుండగా, ఆ ఏడాదే కలకత్తాలో ఒక చట్టం చేశారు: ఆయుధాలు, మందుగుండు దిగుమతి, తయారీ, అమ్మకం, ఉంచుకోవటం, అన్నిటి మీదా అదుపు. 1857 నాటి 28వ నంబరు చట్టం అది. అత్యవసర పరిస్థితికి చేసిన తాత్కాలిక చట్టమనే చెప్పారు. తిరుగుబాటు అణిగింది. చట్టం అణగలేదు. 1860లో 31వ నంబరు చట్టంగా మళ్ళీ వచ్చింది, ఈసారి కొన్ని సందర్భాల్లో జనం దగ్గరున్న ఆయుధాలు లాక్కునే అధికారంతో సహా. 1878 మార్చిలో వైస్రాయ్ లిట్టన్ దాన్ని మొత్తం బ్రిటిష్ ఇండియాకి వర్తించే ఆయుధాల చట్టంగా స్థిరపరిచాడు.

1878 నాటికి తిరుగుబాటు ఎక్కడుంది? మద్రాసు రాజధాని అప్పుడే ధాత కరువులోంచి బయటపడుతోంది. నెల్లూరు ఆ కరువు దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. గింజల కోసం చచ్చిపోతున్న జనం మీరట్ సిపాయిల బాకీ తీర్చాల్సి వచ్చిందన్నమాట. పైగా నిబంధనల్లో యూరోపియన్లకు మినహాయింపు. కలెక్టరు దొర బాతుల వేటకి లైసెన్సు అక్కర్లేదు, ఆయన పక్కన నడిచే మన రైతుకి కావాలి. ‘అందరికీ అంతే’ అన్నది పుట్టినప్పుడే అబద్ధం. అప్పుడది ‘మీ అందరికీ అంతే’.

ఇంకో సంగతి చూడండి. అదే 1878 మార్చిలో దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం కూడా వచ్చింది. అది తొమ్మిదో నంబరు, ఆయుధాల చట్టం పదకొండో నంబరు. పత్రికల చట్టం మీద గొడవ జరిగింది, 1882లో రిప్పన్ దాన్ని రద్దు చేశాడు. ఆయుధాల చట్టం మాత్రం బ్రిటిష్ వాళ్ళు పోయాక కూడా ఉండిపోయింది. పత్రికల చట్టం దెబ్బ తగిలినవాళ్ళకి రాయటం వచ్చు, వాళ్ళు రాశారు. చేను కాపలావాడు ఏం రాస్తాడు?

*

అయినా ఎవరో ఒకరు అడిగారు. 1887 డిసెంబరులో కాంగ్రెస్ మూడో మహాసభ మద్రాసులో, మెకేస్ గార్డెన్స్‌లో జరిగింది. అధ్యక్షుడు బద్రుద్దీన్ త్యాబ్జీ. ఆ సభలో ఆయుధాల చట్టం మీద ఒక తీర్మానం వచ్చింది. ఈ చట్టం ప్రజలను కష్టపెడుతోంది, తప్పు చేయని జనం మీద అనుమానపు మచ్చ వేస్తోంది, మార్చండి అని. ఎవరూ ఏ అదుపూ వద్దని వాళ్ళు అడగలేదు. అందరికీ ఆయుధం ఉంచుకునే వీలుండాలి, ఎవరికైనా వద్దనాలంటే ఆ కారణాలు కాగితం మీద రాసి ప్రకటించాలి అన్నారు. నిషేధించవచ్చు, కానీ ఎందుకో రాయాలి. నూటముప్పయ్యేళ్ళు దాటింది. మా తాత రసీదుల కట్ట ముందర పెట్టుకుని ఆ తీర్మానం సారాంశం చదివితే మనసు ఎట్లాగో అయింది. ఆ కట్టలో లేనిది అదే మరి.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1918లో ఖేడా జిల్లాలో యుద్ధానికి సైనికులను చేర్పిస్తూ తిరిగిన గాంధీ, ఒక కరపత్రంలో, ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేయటాన్ని బ్రిటిష్ పాలన చేసిన తప్పులన్నిటిలోకీ అతి పెద్ద మచ్చగా చరిత్ర చూస్తుందని రాశాడు. అహింసావాది ఆ మాట ఎందుకన్నాడని ఇప్పటికీ వాదిస్తారు. ఆయన బాధ తుపాకి లేదని కాదనుకుంటాను, నమ్మకం లేదని. మరుసటేడు రౌలట్ చట్టం వచ్చింది. యుద్ధకాలానికని తెచ్చిన అధికారాలను యుద్ధం అయిపోయాక కూడా నిలుపుకోవటమే దాని పని. 1857 పాఠాన్ని ప్రభుత్వం మర్చిపోలేదు: ముందు తాత్కాలికం అను, తర్వాత చూద్దాం.

మరి అంత అదుపు వల్ల తుపాకి రాజ్యానికి ఎదురు తిరగకుండా ఆగిందా? 1922 ఆగస్టు 22, 23, 24. వరసగా మూడు రోజులు. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు దళానికి తుపాకులు దొరికింది లైసెన్సులున్న రైతుల ఇళ్ళల్లో కాదు, పోలీసు స్టేషన్లలో. ముందే చీటీ రాసి చెప్పి మరీ పట్టుకెళ్ళాడంటారు. ఊళ్ళో చెదురుమదురుగా ఉన్నవాటిని ఏరి ఒక్క గదిలో పెడితే శాంతి వస్తుందనుకునేవాళ్ళు మన్యం కథ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా ఒకటి. పదిహేడేళ్ళ తర్వాత, 1948 డిసెంబరులో, రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో పెట్టమని సవరణ తెచ్చాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఆయుధం ప్రాథమిక హక్కయితే దొంగ కూడా అదే హక్కు అడుగుతాడు, అదుపు రాజ్యం చేతిలోనే ఉండాలి అన్నది ఆయన వాదన సారం. సవరణ వీగిపోయింది.

నేను అంబేద్కర్ పక్షమే. ఆయుధం హక్కు కాదు, అనుమతి. సరే. కానీ అనుమతి ఇచ్చేటప్పుడు చట్టం ఎంత విచారిస్తుందో, వెనక్కి తీసుకునేటప్పుడు కూడా అంతా విచారించాలి కదా. ఇచ్చేటప్పుడు ‘నువ్వెవరు, నీ నడవడి ఏంటి, నీకెందుకు’ అని ఒక్కొక్కడినీ విడివిడిగా అడిగి, తీసుకునేటప్పుడు ‘అందరికీ అంతే’ అంటే ఎట్లా?

*

ఇప్పుడున్నది 1959 ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఓపికగా చదివితే అందులో మా తాత లాంటివాళ్ళు కనిపిస్తారు. 13వ సెక్షన్లో పంట కాపలాకి నోటినుంచి మందు కూరే తుపాకి గురించి ప్రత్యేకంగా ఉంది. 17వ సెక్షన్ ప్రకారం ప్రజాశాంతికో, ప్రజల భద్రతకో అవసరమైతే లైసెన్సును ఆపొచ్చు, రద్దు చెయ్యొచ్చు. కానీ కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. లైసెన్సుదారు అడిగితే మామూలుగా వాటి సారాంశం ఇవ్వాలి. 18వ సెక్షన్ కింద అతను అప్పీలు చేసుకోవచ్చు. ఇక స్టేషనులో డిపాజిట్ సంగతి 21వ సెక్షన్లో ఉంది. అది లైసెన్సు గడువు తీరో, రద్దయ్యో, మరేదైనా కారణంగానో తుపాకి ఉంచుకోవటం చట్టవిరుద్ధమైనప్పటి మాట. మా తాత చేతిలో ఎప్పుడూ చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంది. ఆపలేదు, రద్దు చేయలేదు. తుపాకి మాత్రం లోపల.

ఎన్నికల కోడ్ శేషన్ కాలం నుంచి గట్టిపడింది. అది మంచికే, ఆ మాట కాదనను. కోడ్‌తో పాటే తుపాకుల అప్పగింత కూడా ఒక క్రతువులా మారింది. కోడ్ ఉన్నంతకాలం కొత్త లైసెన్సులు ఆగిపోతాయి. ఉన్నవాళ్ళు తెచ్చి ఇవ్వాలి. 2024 లెక్క చూద్దాం. మార్చి 16న ప్రకటన, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు, ఆ తర్వాత ఇంకో వారం. ఎనభై ఏడు రోజులు. పార్లమెంటు, అసెంబ్లీ, పంచాయతీ, పరిషత్తు, మధ్యలో ఉపఎన్నికలు, ఇవన్నీ కలుపుకుంటే అత్యవసరమన్నది పంటల్లాగా కార్లు పట్టి వస్తుంటుంది. ఉప్పుగాలి తగిలే మా వైపు, నూనె పెట్టేవాడు లేని గదిలో మూడు నెలలుంటే ఇనుము ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒకసారి తుపాకి ఇంటికొచ్చాక తాత ఒక పూటంతా కూచుని తుప్పు గీకాడు. ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

దీన్ని కోర్టులో నిలదీసినవాళ్ళు లేకపోలేదు. 2009లో గోవా నుంచి వెళ్ళిన కేసులో బొంబాయి హైకోర్టు, లైసెన్సుదారులందరినీ ఒకే గాటన కట్టి అప్పగించమనటం కుదరదు, ఒక్కొక్కరి సంగతి చూడాలి అని చెప్పింది. ఎన్నికల సంఘం మార్గదర్శకాలూ అదే దారిలో ఉన్నాయి. జిల్లాకో స్క్రీనింగ్ కమిటీ ఉండాలి. బెయిలు మీద ఉన్నవాళ్ళు, నేర చరిత్ర ఉన్నవాళ్ళు, ఇంతకుముందు అల్లర్లలో, ముఖ్యంగా ఎన్నికల అల్లర్లలో పాల్గొన్నవాళ్ళు, వీళ్ళ లైసెన్సులు పరిశీలించి నిర్ణయించాలి. రాసింది బాగుంది. ఆచరణ ఎట్లా ఉందంటే, పదిహేనేళ్ళ తర్వాత 2024 మార్చిలో అలహాబాద్ హైకోర్టు అదే మాట మళ్ళీ చెప్పాల్సి వచ్చింది: సాధారణ ఉత్తర్వుతో అందరినీ అప్పగించమనొద్దు, ఎవరిది కావాలో వాళ్ళకి కారణం రాసి ఇవ్వండి. 1887లో మెకేస్ గార్డెన్స్‌లో అడిగింది ఇదే కదా?

*

ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటుంది. అసలు ఊళ్ళల్లో తుపాకి గోడకు వేలాడిన ఇళ్ళు ఎవరివి? పొలమున్నవాళ్ళవి, పలుకుబడి ఉన్నవాళ్ళవి. ఎన్నికల రోజు ఆ తుపాకిని చూసే భయపడేవాళ్ళుంటారు. వాళ్ళ భయం కంటే మీ తాత చిన్నబుచ్చుకోవటం ఎక్కువా?

కాదు. అందుకే ఈ సామూహిక అప్పగింత నాకు నచ్చనిది. మా మండలం పేరులోనే కొడవలి వినిపిస్తుంది. చట్టం దృష్టిలో కొడవలి ఆయుధం కాదు. కేవలం ఇంటికి, వ్యవసాయానికి వాడే పనిముట్లను 1959 చట్టం ఆయుధాల నిర్వచనం నుంచే తీసేసింది. తీయకపోతే కోతలు కోసేదెవరు? కానీ సీమ ఫ్యాక్షన్ కథలన్నిటిలో మనకు గుర్తున్నది వేటకొడవలి, నాటుబాంబు. 1985 జూలై 17న, మాకు ఉత్తరాన ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను చంపింది గొడ్డళ్ళతో, బరిసెలతో. ఆ చేతులకి లైసెన్సులతో పనిలేదు. ఆ రోజు జిల్లాలోని లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో ఉన్నా ఒక్క ప్రాణం మిగిలేది కాదు.

భయపెట్టేవాడెవడో ఊరికి తెలుసు, స్టేషనుకి ఇంకా బాగా తెలుసు. వాడి పేరు కాగితం మీద రాసి, నీ మీద ఫలానా కేసుంది, నీ లైసెన్సు ఆపుతున్నాం అని వాడి గుమ్మంలో నిలబడి చెప్పాలంటే ధైర్యం కావాలి. రేపు వాడే గెలవొచ్చు. వాడి మనిషే మంత్రి కావొచ్చు. ‘అందరికీ అంతే’ అనటానికి ఆ ధైర్యం అక్కర్లేదు. రౌడీకీ ముసలాయనకీ ఒకటే రసీదు ఇస్తే రౌడీకి మచ్చ లేదు, ముసలాయనకి లేని మచ్చ వస్తుంది. అధికారికి ఏ ఇబ్బందీ లేదు. రిజిస్టర్లో సంఖ్య నిండుతుంది, శాంతిభద్రతలకు పటిష్ఠ చర్యలు అని పేపర్లో వస్తుంది. భయపడే ఓటరు భయం ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఇది మన దేశపు జబ్బే అనుకోనక్కర్లేదు. 2005లో కత్రినా తుపాను న్యూఆర్లియన్స్‌ను ముంచినప్పుడు, ఆయుధాలు పోలీసుల దగ్గరే ఉండాలని అక్కడి పోలీసు అధిపతి ప్రకటించి, చట్టబద్ధంగా ఉన్న తుపాకులు కూడా ఇళ్ళల్లోంచి తీసుకుపోయారు. అవి తిరిగి రావటానికి కోర్టుకెళ్ళాల్సి వచ్చింది. మరుసటేడు అమెరికా కాంగ్రెస్, విపత్తు పేరుతో అట్లా చేయకూడదని చట్టం తెచ్చింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు, మనవాళ్ళు ఎంతోమంది ఉండే న్యూజెర్సీలో తుపాకుల దుకాణాలు మూసేశారు. కొద్ది రోజులకే, ముందుగా చెప్పి వచ్చేవాళ్ళ కోసం మళ్ళీ తెరిచారు. తుపాకుల విషయంలో అమెరికాను ఆదర్శంగా తీసుకోమని నేను అనను. స్కూళ్ళల్లో పిల్లలు చచ్చిపోయే దేశం అది. అక్కణ్ణుంచి తీసుకోదగ్గది ఒక్కటే. అత్యవసరం అన్న మాట వినపడగానే ‘ఎన్నాళ్ళు, ఎవరికి, ఏ కారణంతో’ అని వెంటనే అడగటం. మనం అడగం. తుపాకి ఉన్నవాళ్ళు తక్కువ, లేనివాళ్ళకి అది తమ గొడవలా అనిపించదు.

అనిపించాలి. ‘అందరికీ అంతే’ తుపాకి దగ్గర ఆగే మాట కాదు. ఊరేగింపు పెట్టుకుంటామంటే అందరికీ అంతే. ఇంటర్నెట్ ఆపేస్తే అందరికీ అంతే. కారణం అడిగే అలవాటు చెడ్డపేరున్న వస్తువు దగ్గర వదిలేస్తే, మంచిపేరున్నవాటి దగ్గర అది వెతికినా దొరకదు.

*

తాత పోయాక ఆ తుపాకి తీసుకోవటానికి ఇంట్లో ఎవరూ ముందుకు రాలేదు. మెట్ట చేను ఎప్పుడో అమ్మేశాం. లైసెన్సు నా పేరున మార్పించుకోమని ఒకరిద్దరు చెప్పారు. నాకెందుకన్నాను. లైసెన్సుదారు లేకపోతే ఆయుధం స్టేషనులో అప్పగించాలి. అదే 21వ సెక్షన్. నేనే పట్టుకెళ్ళాను. అక్కడున్న కుర్ర కానిస్టేబుల్ నంబరు సరిచూసుకుని, రసీదు రాసి నా చేతికిచ్చాడు. బయటికొచ్చి చదివాను.

అందులో ఒక లైను ఎక్కువుంది. కారణం: లైసెన్సుదారు మరణం.

ఇంటికెళ్ళి దాన్ని కూడా ఆ కట్టలోనే పెట్టి పురికొస కట్టాను.